చిరుపనులు – చిరకాల ఫలితాలు

చుక్క చుక్క కలిస్తే సముద్రమని తెలుగువారు అంటారు. ఖత్రా ఖత్రా కలిసి దరియా అవుతుందని ఉర్దూవారు అంటారు. రెండు భాషల నీడలో చదువుకుంటున్న మీకు ఈ రెండు మాటలూ చిన్ననాటినుండి పరిచయమే. పొదుపు గురించి చెప్పేటప్పుడు పెద్దలు ఈ మాట వాడతారు. దానధర్మాలను గురించి చెప్పేటప్పుడూ వాడతారు. కాని దీనికి రెండవ ముఖం ఒకటి ఉన్నది. మేలు ఏ లెక్కన పోగవుతుందో కీడు కూడా సరిగ్గా ఆ లెక్కనే పోగవుతుంది. మేలు పోగైనప్పుడు అందులో నా చుక్క ఉన్నదని ప్రతివాడూ ముందుకు వస్తాడు. కీడు పోగైనప్పుడు మాత్రం ఏ చుక్క ఎవరిదో ఎవరికీ జ్ఞాపకం ఉండదు.

విద్యార్థి మిత్రులారా! ఈ విషయాన్ని గురించి నీతిబోధ చేయడం నా ఉద్దేశం కాదు. నీతిబోధ చేసేవాడు ముందుగా తన ఇల్లు చూసుకోవాలి. కనుక నా ఇంటినుండే మొదలు పెడతాను.

2018వ సంవత్సరంలో మా ఇంటి స్నానాలగది పాతబడిపోయిందని బాగు చేయించాను. గోడలకున్న లేత ఆకుపచ్చ టైల్సు పెకలించి కొత్తవి వేయించాను. పాతవి, పగిలిన సిమెంటు పెళ్లలతో కలిసి, పది పన్నెండు సంచులైనాయి. పని ముగిసిన నాడు మేస్త్రీ వచ్చి, "ఈ మలబా సంగతి నేను చూసుకుంటాను సార్, రెండు వందలు ఇవ్వండి" అన్నాడు. ఇచ్చాను. సాయంత్రానికి వాకిలి శుభ్రమైపోయింది. ఆ సంచులు ఎక్కడికి పోయినవని నేను అడగలేదు. అడగాలని తోచలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. అడిగితే ఏదో ఒక సమాధానం వస్తుంది, ఆ సమాధానం వింటే మరికొంత డబ్బో, మరికొంత శ్రమో అవసరమవుతుంది. అందుకే అడగలేదు. అదే వారంలో, స్కూటరు నిలుపుకోవడానికి వీలుగా ఉంటుందని, ఇంటిముందున్న మోరీమీద రెండు షాబాదు బండలు కూడా వేయించాను. మా గల్లీలో అందరూ వేయించుకున్నారు. నేనూ వేయించుకున్నాను.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి హైదరాబాదులో కురిసిన వాన మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. పాతనగరంలోని కొన్ని బస్తీలలో ఆ నీరు మేడమెట్ల వరకు వచ్చింది. కొన్ని కుటుంబాలలో మనుషులే కొట్టుకుపోయారు. మా గల్లీలో అంతటి విపత్తు రాలేదు. కాని గల్లీ చివర, పల్లంలో ఉన్న ఒక ఇంట్లో మూడు అడుగుల నీరు రెండు రోజులు నిలిచిపోయింది. ఆ ఇంట్లో ఒక వితంతువు, ఆమె కూతురు ఉంటారు. మేమంతా ఆమెను ఖాలా అని పిలుస్తాము. చీరలకు ఫాల్సు కుట్టి, జాకెట్లు కుట్టి ఆమె సంసారం నడుపుకుంటున్నది. ఆ నీళ్లలో కుట్టుమిషను మునిగిపోయింది. ఎవరెవరో కుట్టడానికిచ్చిన బట్టలు మురిగిపోయినవి. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న ఆ పిల్ల పుస్తకాలు ముద్దలైపోయినవి.

మూడవరోజున మునిసిపాలిటీ పనివారు వచ్చి మోరీమీది బండలు లేపి పూడిక తీశారు. గల్లీ జనమంతా గుమిగూడి చూస్తున్నాము. పాలపాకెట్లు, కొబ్బరిబోండాలు, పాతచెప్పులు, మేకపొట్టలు, ఇంకా చెప్పతగనివి ఎన్నో వచ్చినవి. అడుగున గట్టిగా పేరుకొని నీటికి అడ్డుపడిన పొర ఒకటి పారకు తగిలింది. పనివాడు దానిని పెళ్లగించి గట్టున వేశాడు. బురద కారిపోగా లోపలినుండి లేత ఆకుపచ్చ రంగు కనిపించింది.

అందరూ ఉన్నారు. ఎవరూ గుర్తుపట్టలేదు. నేను గుర్తుపట్టాను. గుర్తుపట్టి మౌనంగా నిలబడ్డాను.

ఆ తరువాత ఖాలా కుట్టుమిషను బాగు చేయించి ఇచ్చాను. గల్లీవారు నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు శిక్షలా తోచింది. ఆ పిల్ల ఆ ఏడాది పరీక్ష ఫీజు కట్టలేదు. తల్లికి సాయంగా కుట్టుపనిలో కూర్చున్నది. రెండేళ్లు గడచిన తరువాత మళ్లీ చదువు ప్రారంభించింది. మిషను బాగు చేయించవచ్చును గాని, ఆ రెండేళ్లను ఏ మరమ్మతు దుకాణంలో బాగు చేయించగలం?

రెండు వందల రూపాయలు, ఒక అడగని ప్రశ్న. ఇంతే నేను చేసిన పని. ఏ చట్టం ప్రకారం చూసినా ఇది పెద్ద నేరం కాకపోవచ్చును. చిన్న పనులలోని మోసమే ఇది. చేసేటప్పుడు అవి పనులవలె కనిపించవు. ఫలితం బయటపడే నాటికి మనం అక్కడ ఉండము, లేదా ఉన్నా గుర్తుపట్టము.

ఇక నా గల్లీనుండి నగరానికి వస్తాను.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనదికి వచ్చిన వరదను మన నగరం ఇప్పటికీ మరచిపోలేదు. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయారని చరిత్ర చెబుతున్నది. ప్రసిద్ధ ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురును పోగొట్టుకొని తానొక్కడే బయటపడ్డాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో జరిగిన ఈ విపత్తు అనంతరం, దీనికి కారణాలు పరిశీలించి నివారణమార్గం చెప్పవలసిందిగా ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని ఆహ్వానించింది. ఆయన పరిశీలన ఫలితంగానే మూసీమీద ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, ఈసీమీద హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తి అయినవి. ఇంతవరకు మన పాఠ్యపుస్తకాలలో ఉన్నదే.

పాఠ్యపుస్తకాలలో సాధారణంగా కనిపించని విషయం మరొకటి ఉన్నది. విశ్వేశ్వరయ్యగారు లెక్క తీయగా నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నట్లు తేలింది. ఆ వానకు వాటిలో 221 చెరువుల కట్టలు తెగినవి. మన తెలంగాణలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయని మీరు ఎరుగుదురు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులోకి నీరు చేరుతుంది. అది నిండితే దాని కింది దానిలోకి. ఈ అమరికలో ఎంత సొగసున్నదో అంత ప్రమాదమూ ఉన్నది. పై చెరువు కట్ట తెగితే ఆ నీరంతా ఒక్కుమ్మడిగా కింది కట్టమీద పడుతుంది. అది కూడా తెగితే రెండు చెరువుల నీరు మూడవదానిమీద పడుతుంది. ఆకాశంనుండి పడిన వానకు భూమిమీద తెగిన కట్టల నీరు తోడై నగరంమీద విరుచుకుపడింది.

చెరువుకట్ట ఒక్కరోజున తెగదు. ఎలుక బొరియ చేసిననాడు ఎవరో చూసి, రేపు పూడ్చవచ్చులే అనుకుంటారు. తూము దగ్గర రాయి కదలిననాడు నీరటి చెప్పినా ఎవరో వినిపించుకోరు. అలుగుకు అడ్డంగా తుమ్మచెట్లు పెరిగితే, మన పొలానికి వచ్చిన నష్టమేమున్నదిలే అని ఎవరో వదిలేస్తారు. పూర్వం ఊరిలోని ప్రతి ఇంటినుండి మనిషి వచ్చి ఏటా కట్టమీద నాలుగు తట్టల మట్టి వేసే ఆచారం ఉండేది. నాలుగు తట్టల మట్టి లెక్కలోనిది కాదు. కాని ఆ నాలుగు తట్టలు వేయనివారు ఊరిలో ఎక్కువైననాడు కట్ట పలచబడుతుంది. పలచబడిన కట్టకు వాన ఒక మిష మాత్రమే.

1908లో తెగిన ప్రతి కట్టా ఇలాగే తెగిందని నేను అనను. ఆనాడు శంషాబాదులో 24 గంటలలో పన్నెండు అంగుళాలకు మించి వాన పడింది. అంతటి వానకు మంచి కట్ట కూడా తెగవచ్చును. కాని కట్టల గొలుసు నేర్పే పాఠం మాత్రం ఒక్కటే. ఏ చెరువూ తనకోసం మాత్రమే తెగదు. ఒక కట్టమీది అశ్రద్ధ దాని కిందనున్నవారందరి అశ్రద్ధగా మారుతుంది. నా ఇంటిముందు బండ, ఖాలా ఇంట్లో నీరు అయినట్లు.

ఆ తరువాత నూరేళ్లలో నగరం పెరిగింది. చెరువులు తరిగినవి. 2000 ఆగస్టు 24వ తేదీన ఒక్కరోజులో దాదాపు 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు నేను చిన్నపిల్లవాడిని. మా అబ్బా నన్ను భుజాలమీద కూర్చోబెట్టుకొని నీళ్లలో నడిచిన దృశ్యం ఇంకా కళ్లముందున్నది. నేను ఆనాడు ఆ వరదను వేడుక అనుకున్నాను. ఇరవై ఏళ్లకు మళ్లీ వచ్చిన వరదలో వేడుక లేదు. అందులో నా ఇంటి టైల్సు ఉన్నవి.

ఇక్కడ మీలో ఒకరు లేచి నన్ను అడగవచ్చును. అడగాలి కూడా. "గురువుగారూ, చెరువులను పూడ్చి మేడలు కట్టినవారెవరు? శిఖం భూములను ముక్కలు చేసి అమ్మినవారెవరు? అనుమతి పత్రాలమీద సంతకాలు చేసినవారెవరు? వారందరినీ వదలి మీరు పాలపాకెట్టు పారవేసిన పేదవాడిని దోషిగా నిలబెట్టడం న్యాయమా?"

న్యాయమైన ప్రశ్న. దీనికి నా సమాధానం రెండు భాగాలుగా ఉంటుంది.

మొదటిది, దోషమంతా సమానం కాదు. చెరువును మింగినవాడూ, మోరీలో తొక్కవేసినవాడూ ఒకే తక్కెడలో తూగరు. చెరువు శిఖమని తెలియక, జీవితకాలపు కష్టార్జితం పెట్టి స్థలం కొన్న పేదవాడు దోషి కంటె ఎక్కువగా బాధితుడు. ప్రభుత్వం 2024లో చెరువుల రక్షణకోసం హైడ్రా అనే సంస్థను నెలకొల్పింది. అది అమ్మినవాడిని వదలి కొన్నవాడి గోడను మాత్రమే కూలిస్తే, ఆ న్యాయం కుంటిదే అవుతుంది. పెద్దవారి పెద్ద తప్పులను నిలదీయడం పౌరుల హక్కు మాత్రమే కాదు, విధి కూడా.

రెండవది, పెద్దవాడి తప్పు నా తప్పుకు రసీదు కాదు. నిజానికి పెద్ద తప్పులు చిన్న అలవాట్లమీదనే నిలబడతాయి. చెరువులో మట్టిపోసేవాడికి మట్టి ఎక్కడినుండి వచ్చింది? నావంటివారు వేయిమంది, ఎక్కడికని అడగకుండా ఇచ్చిన సంచులనుండి వచ్చింది. రెండు వందల రూపాయలు తీసుకున్న నా మేస్త్రీ ఆ సంచులను మోరీలో కాకపోతే ఏ కుంటలోనో పోసి ఉండేవాడు. కుంట ఎండి, చదునై, ప్లాట్లుగా మారిననాడు నేను పత్రికలో చదివి ఆగ్రహించి ఉండేవాడిని. నా ఆగ్రహం కింద నా సంచులే ఉన్నవని తెలియకుండానే ఆగ్రహించి ఉండేవాడిని. తాను చేసినదానిని ఒప్పుకున్నవాడు మాత్రమే ఎదుటివాడు చేసినదానిని గట్టిగా అడగగలడు. ఒప్పుకోనివాడి గొంతులో ఎక్కడో ఒకచోట తడబాటు ఉంటుంది.

అంకెలలో చెబితే మన సైన్సు విద్యార్థులు సంతోషిస్తారు. నూరు చదరపు మీటర్ల కప్పుమీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వేయి లీటర్ల నీరు. ఇరవై సెంటీమీటర్లు పడితే ఇరవై వేల లీటర్లు. ఆ ఇంటికి మట్టివాకిలి ఉంటే, బావి ఉంటే, ఇంకుడుగుంత ఉంటే అందులో కొంత భూమి తాగుతుంది. వాకిలంతా సిమెంటు చేస్తే మొత్తం గల్లీలోకి వస్తుంది. అటువంటి ఇళ్లు నూరు ఉంటే ఇరవై లక్షల లీటర్లు. ఈ ఇరవై లక్షలలో ఏ ఇంటి యజమానీ వరద తేలేదు. ప్రతివాడూ తన వాకిలి శుభ్రంగా ఉండాలని మాత్రమే కోరుకున్నాడు.

తెలుగు లెక్చరరుగా నాకు తరగతిలో చెప్పడానికి ఎంతో ఇష్టమైన మాట ఒకటి ఉన్నది. మన ప్రాచీన సాహిత్యంలోనూ, శాసనాలలోనూ సప్తసంతానాలని ఒక భావన కనిపిస్తుంది. కన్నబిడ్డ ఒక్కడే సంతానం కాదు. తవ్వించిన చెరువు, నాటించిన తోట, రాయించిన కృతి, కట్టించిన గుడి మొదలైనవి కూడా మనిషికి సంతానమే. ఆయన పోయిన తరువాత కూడా అవి ఆయన పేరున బ్రతికి ఉంటాయని ఆనాటివారి విశ్వాసం. కాకతీయులనాటి రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఈనాటికీ నీరు ఇస్తున్నవి కదా!

ఇదే భావన మీ ఇళ్లలో మరొక పేరుతో వినిపిస్తుంది. సదఖా-ఎ-జారియా. చేసినవాడు కన్నుమూసిన తరువాత కూడా పుణ్యం పారుతూనే ఉండే దానం. బావి తవ్వించడం, చెట్టు నాటడం, విద్య నేర్పడం దానిలోనివే. రెండు సంప్రదాయాలు, రెండు భాషలు, రెండింటిలోనూ మొదటి వరుసలో నిలిచినది నీరే. ఈ సంగతి తెలిసిననాడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఈ కళాశాలలో నేను తెలుగు చెప్పడానికి అర్థం ఉన్నదని ఆనాడు అనిపించింది.

కాని మంచి పారుతూ ఉన్నట్లే చెడు కూడా పారుతూ ఉంటుందని ఇదే సంప్రదాయం హెచ్చరించింది. చెడ్డ ఆచారాన్ని ప్రారంభించినవాడికి, దానిని అనుసరించినవారి భారంలోనూ వాటా ఉంటుందని మా పెద్దలు చెప్పగా విన్నాను. దారిలో బాధించే వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమని మసీదులో మీరు వినే ఉన్నారు. తొలగించడమే విశ్వాసంలో భాగమైతే, తీసుకొని వచ్చి దారిలో పడవేయడం దేనిలో భాగం? నదీతీరాన ఉన్నా వుజూకు నీరు వృథా చేయరాదని విన్న మనం, మన కళాశాల వుజూఖానాలో కారుతున్న కొళాయిని ఎన్ని నెలలుగా వింటున్నాము? సెకనుకు ఒక్క చుక్క చొప్పున, ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరుగా లెక్కించినా, రోజుకు నాలుగు లీటర్లు దాటుతుంది. ఏడాదికి పదిహేను వందల లీటర్ల పైమాట. ఆ కొళాయికి కావలసినది రబ్బరు వాషరు ఒక్కటి.

ఈ సందర్భంలో మీరంతా ఒకసారి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణకు వెళ్లి రావాలని కోరుతున్నాను. అక్కడ ఒక చింతచెట్టు ఉన్నది. 1908 వరదలో సుమారు 150 మంది దాని కొమ్మలు పట్టుకొని ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టును నాటిన మనిషి పేరు ఏ శిలాఫలకంమీదా లేదు. నీడకోసం నాటాడో, చింతపండుకోసం నాటాడో, లేక ఎవరో తిని ఉమ్మిన గింజ మొలకెత్తితే దానిని పీకివేయకుండా వదిలాడో. వదిలివేయడం కూడా ఒక నిర్ణయమే. ఎవరో ఒక ఉదయం ఆ మొలకచుట్టూ నాలుగు ముళ్లకంపలు పాతి ఉంటారు. మేక మేయకుండా ఎవరో ఒకసారి అదిలించి ఉంటారు. ఆనాడు వారు చేసినది ఎంత చిన్న పని! ఆ చిన్న పని ఎదిగి, కొమ్మలు చాచి, ఒకనాడు 150 మందిని ఎత్తుకున్నది. లేత ఆకుపచ్చ టైల్సు నిద్రపట్టనివ్వని రోజులలో ఈ చెట్టును తలచుకొని నేను కొంత ఊరట పొందుతూ ఉంటాను. చిరుపనుల ఫలితం చిరకాలం నిలుస్తుందన్నది భయపెట్టే మాట మాత్రమే కాదు, ధైర్యమిచ్చే మాట కూడా.

విద్యార్థులారా! మీ వయసులో బాధ్యత అనే మాట వినగానే అది ఉద్యోగం వచ్చిన తరువాత సంగతి, పెళ్లి అయిన తరువాత సంగతి అనిపిస్తుంది. కాని ఈ రోజు మీరు చేసిన పనులను ఒక్కసారి లెక్క వేయండి. మిత్రునికి బదులుగా హాజరు పలికారు. అతడు వినని పాఠం రేపు అతని జీవితంలో ఎక్కడో ఒక ఖాళీగా మిగులుతుంది. గ్రంథాలయంలోని పుస్తకంనుండి పరీక్షకు పనికివచ్చే రెండు పుటలు చించుకున్నారు. ఆ పుస్తకం ఇంకా ముప్పై ఏళ్లు ఆ అలమారలోనే ఉంటుంది. దానిని తీసిన ప్రతి విద్యార్థీ సరిగ్గా ఆ రెండు పుటలదగ్గరే ఆగిపోతాడు. మన గ్రంథాలయంలోని ఒక తెలుగు నిఘంటువులో అటువంటి గాయం ఒకటి ఉన్నది. నేను చేరకముందే ఎవరో చించారు. వారెవరో నాకు తెలియదు. ఈపాటికి మనుమలున్న పెద్దమనిషే కావచ్చు. కాని ప్రతి సంవత్సరం నా తరగతిలో ఒకరో ఇద్దరో వచ్చి, "సార్, ఈ మాటకు అర్థం దొరకలేదు" అని చెబుతూనే ఉంటారు.

కనుక మీకు నేను ఇచ్చే సలహా ఒక్కటే. ఏ వస్తువును చేతినుండి విడిచినా, ఏ కాగితంమీద సంతకం పెట్టినా, ఏ మాటను నోటినుండి వదిలినా, ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇది ఇక్కడినుండి ఎక్కడికి పోతుంది? సమాధానం తెలియకపోతే అడగండి. అడగడానికి సిగ్గుపడవద్దు. నేను రెండు వందల రూపాయలు ఇచ్చి కొనుక్కున్నది శుభ్రమైన వాకిలి అనుకున్నాను. నిజానికి కొనుక్కున్నది అడగకుండా ఉండే సౌకర్యం. దాని ధర మరొకరు చెల్లించారు.

చివరిగా కళాశాల పాలకవర్గంలోని పెద్దలకు ఒక మనవి.

మన ఆవరణలో, పాత భవనం వెనుక ఒక చేదబావి ఉన్నది. కళాశాల పుట్టకముందునుండి ఉన్నదని అటెండర్లలో వృద్ధులు చెబుతారు. ఇప్పుడు అందులో సగం చెత్త ఉన్నది. దానిని పూడ్చివేసి ఆ స్థలంలో అధ్యాపకుల వాహనాలకు షెడ్డు వేయాలని ఈ ఏడాది ఒక ప్రతిపాదన వచ్చింది. అధ్యాపకుల సమావేశంలో ఆ కాగితం చేతులు మారి నావద్దకు వచ్చినప్పుడు, మధ్యాహ్నం తరగతికి ఆలస్యమవుతున్నదనే తొందరలో, నేనూ సంతకం చేశాను. ఇది మరొకరిమీద ఫిర్యాదు కాదు. పైన చెప్పినదంతా తెలిసిన తరువాత కూడా నా చేయి అలవాటు ప్రకారమే పోయిందని ఒప్పుకోవడానికి రాస్తున్నాను.

ఆ సంతకాన్ని ఇప్పుడు వెనక్కు తీసుకుంటున్నాను. బావిని పూడ్చవద్దని, పూడిక తీయించి, భవనం కప్పుమీది వాననీటిని గొట్టం ద్వారా వడగట్టి అందులోకి మళ్లించవలసిందని వినయపూర్వకంగా ప్రార్థిస్తున్నాను. మన కప్పు వేయి చదరపు మీటర్లే అనుకున్నా, ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడే ఈ నగరంలో, దానిమీద ఎనిమిది లక్షల లీటర్ల నీరు పడుతుంది. ఆ నీరు ఇప్పుడు గేటుదాటి పల్లంలోని బస్తీకి పోతున్నది. మన విద్యార్థులలో చాలామంది ఇళ్లు ఆ బస్తీలోనే ఉన్నవి. మన కళాశాల వారికి చదువు ఇవ్వడానికి వెలసింది గాని వరద పంపడానికి కాదు కదా! వాహనాలు ఎండలో ఉంటే సీటు వేడెక్కుతుంది. అధ్యాపకులం మేము ఆ మాత్రం వేడికి ఓర్చుకోగలము. పూడిక తీసే రోజున మొదటి తట్ట నేను ఎత్తుతాను. నా విద్యార్థులు నన్ను ఒంటరిగా వదలరని నమ్మకం.

ముగించే ముందు, చెప్పక మిగిలిన మాట ఒకటి ఉన్నది. ఆ వరద గడచిన రెండేళ్లకు, రంజాను నెలలో ఒక సాయంత్రం, ఇఫ్తారు తరువాత నేను ఖాలా ఇంటికి వెళ్లి టైల్సు సంగతి చెప్పాను. చెప్పడానికి రెండేళ్లు పట్టింది. ఆమె చేతిలోని బట్ట పక్కన పెట్టి కాసేపు ఏమీ అనలేదు. కోపగించుకుంటుందనుకున్నాను. కోపగించుకొని ఉంటే బాగుండేది. చివరకు ఆమె, "నీ టైల్సు ఒక్కటేనా బేటా, ఆ మోరీలో నా కత్తిరింపు పీలికలు కూడా ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా నేను అక్కడే ఊడ్చి పోస్తున్నాను" అన్నది.

ఆ గల్లీలో అందరికంటె ఎక్కువ నష్టపోయిన మనిషి, అందరికంటె ముందుగా తన వాటాను లెక్కగట్టుకున్నది. ఆమె చదివినది నాలుగవ తరగతి. ఎం.ఏ. చదివిన నేను ఆ మాట అనడానికి రెండేళ్లు తీసుకున్నాను.

మరునాడు నా ఇంటిముందు బండలు తీయించాను. స్కూటరు ఇప్పుడు గల్లీ మొదట్లో నిలుపుతున్నాను. నూరు అడుగులు నడవవలసి వస్తుంది. ఆ నూరు అడుగులలో ఖాలా ఇల్లు దాటి రావాలి. సాయంత్రం నేను వచ్చే వేళకు లోపల మిషను నడుస్తూ ఉంటుంది. పక్కనే దీపం కింద ఆ పిల్ల చదువుకుంటూ ఉంటుంది.